కళాశాల ఫీజు ఎంత? ఆ ఒక్క ప్రశ్న చాలదు



మీలో ఎవరినైనను ఎకరము వరి సాగుకు ఎంత ఖర్చగునని అడిగినచో, విత్తనముల ధర ఒక్కటి చెప్పి ఊరకుండరు. దుక్కి, నారుమడి, నాట్లు, ఎరువులు, పురుగు మందులు, కలుపు, కోత, నూర్పిడి, గోతాములు, బండి కిరాయి అన్నియు వ్రేళ్ళమీద లెక్కించి చెప్పుదురు. కౌలు రైతు కౌలును కలుపును. అప్పు తెచ్చినవాడు వడ్డీని మరువడు. కాని అదే రైతును, "మీ అబ్బాయిని ఇంజనీరింగు కళాశాలలో చేర్చుచున్నారు గదా, ఎంత ఖర్చగును?" అని అడిగి చూడుడు. "ఏడాదికి తొంభై వేలండీ" అని ఒక్క అంకె చెప్పి సరిపుచ్చును. ఆ అంకె ట్యూషను ఫీజు. అది విత్తనము ఖర్చు వంటిది. సాగు ఖర్చు కాదు.

ప్రైవేటు కళాశాలలో పిల్లలను చేర్చవద్దని చెప్పుటకు నేనీ వ్యాసము వ్రాయుట లేదు. మంచి ప్రైవేటు కళాశాలలు గలవు. వాటిలో చదివి వృద్ధిలోనికి వచ్చిన రైతుబిడ్డలు ప్రతి గ్రామములోను గలరు. నేను చెప్పునది ఒక్కటే: మొదటి రోజు నుండి చివరి రోజు వరకు అగు మొత్తము ఖర్చును కాగితముపై వ్రాసి చూడకుండ ఏ కళాశాలలోను సంతకము చేయరాదు.

నేను చేసిన తప్పు

ఈ మాట చెప్పుటకు నాకు గల అర్హత, ఆ తప్పు స్వయముగా చేసియుండుటయే. వ్యవసాయ శాఖలో ముప్పది యేండ్లకు పైగా పనిచేసితిని. రైతులచేత పొలము లెక్కల పుస్తకము వ్రాయించుట నా ఉద్యోగములో ఒక భాగము. లెక్క వ్రాయని సేద్యము గ్రుడ్డి సేద్యమని ఎన్ని సభలలో చెప్పితినో నాకే జ్ఞాపకము లేదు. అట్టి నేను 2013లో నా కుమారుని పట్టణములోని ఒక ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో చేర్చుచు, అక్కడి గుమాస్తాను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఫీజు ఎంత?"

ఆయన చెప్పినది అబద్ధము కాదు. నేను అడిగినదానికి ఆయన సమాధానము చెప్పెను. అడగనివి తరువాత ఒక్కొక్కటిగా వచ్చినవి. మొదటి వారములో ప్రవేశ రుసుము, వసతి గృహము అడ్వాన్సు, యూనిఫారములు. మొదటి నెలలో "అభివృద్ధి నిధి" పేరిట కొంత సొమ్ము. దానికి రశీదు ఇవ్వలేదు, నేను గట్టిగా అడుగను లేదు. రెండవ ఏట భోజనపు ఖర్చు పెరిగినది. మూడవ ఏట కంప్యూటరు శిక్షణయని, నాలుగవ ఏట ప్రాజెక్టు అని. రెండు పరీక్షలు తప్పి, పట్టా చేతికి వచ్చుసరికి అయిదేండ్లయినది. నడుమ కాలువ ప్రక్క అర ఎకరము అమ్మితిని.

2016లో నా కుమార్తె ఇంటర్మీడియెట్ పూర్తి చేసెను. ఆమె కోరిన చదువునకు దూరపు పట్టణములో సీటు వచ్చినది. ఆ రాత్రి నేను మాట్లాడకముందే, "నాన్నా, ఇక్కడి డిగ్రీ కాలేజీలోనే చేరతాను, బస్సులో పోయి వస్తాను" అని ఆమెయే అన్నది. ఇంటి సంగతి ఆమెకు తెలియును గదా. నేను కాదనలేదు. నేడు కుమారుడు ఉద్యోగము చేయుచున్నాడు. ఇంటికి సొమ్ము పంపుచున్నాడు. కుమార్తె ప్రక్క ఊరి బడిలో చిన్న జీతమునకు పాఠములు చెప్పుచున్నది. ఆమె ఈనాటి వరకు నన్ను ఒక్క మాటయు అనలేదు. 2013 జూన్‌లో ఒక సాయంత్రము కూర్చుండి లెక్క వ్రాసియుండినచో, ఉన్న సొమ్మును ఇద్దరికిని సరిపోవునట్లు పంచియుండెడివాడను. కనుకనే ఒక బిడ్డ చదువు లెక్క ఆ ఒక్క బిడ్డది మాత్రమే కాదని చెప్పుచున్నాను. అది ఇంటిలోని తక్కిన పిల్లల లెక్క కూడ. ముఖ్యముగా ఆడపిల్లల లెక్క.

మూడు మెట్ల లెక్క

పంటలకు మద్దతు ధరను సిఫారసు చేయు వ్యవసాయ వ్యయములు, ధరల కమిషనును మీరెరుగుదురు. 1965లో వ్యవసాయ ధరల కమిషను అను పేరుతో ఏర్పడి, 1985లో నేటి పేరు పొందినది. అది సాగు ఖర్చును మెట్లు మెట్లుగా లెక్కించును. చేతినుండి పోయిన ఖర్చు మొదటి మెట్టు. దీనిని ఏ2 అందురు. ఇంటిల్లిపాది చేసిన కష్టమునకు విలువ కట్టి కలిపినది రెండవ మెట్టు. స్వంత భూమికి కౌలు, స్వంత పెట్టుబడికి వడ్డీ కూడ కలిపిన పూర్తి ఖర్చు మూడవ మెట్టు, ఇది సి2. మద్దతు ధరను సి2 ప్రకారమే లెక్కించవలెనని రైతు సంఘములు ఎన్నో ఏండ్లుగా కోరుచున్నవి. ఆ కోరికలో న్యాయమున్నది. కాని ధాన్యము అమ్మునపుడు సి2 లెక్క కోరు రైతు, కళాశాల సీటు పుచ్చుకొనునపుడు ఏ2ను కూడ పూర్తిగా లెక్కించడు. తాళము వేసి గొళ్ళెము మరచినట్లున్నది మన పని.

ఒక ఉదాహరణము తీసికొందము. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు. వసతి గృహములో నివాసము. ఈ అంకెలు లెక్క చూపుటకు నేను అనుకొన్నవి మాత్రమే. మీ అంకెలు మీరు విచారించి వ్రాసికొనవలెను.

ట్యూషను ఫీజు, ఏటికి రు. 90,000 చొప్పున: రు. 3,60,000
వసతి, భోజనము, ఏటికి రు. 80,000 చొప్పున: రు. 3,20,000
ప్రత్యేక రుసుములు, పరీక్ష ఫీజులు, ఏటికి రు. 12,000 చొప్పున: రు. 48,000
పుస్తకములు, రికార్డులు, యూనిఫారములు, ఏటికి రు. 8,000 చొప్పున: రు. 32,000
రాకపోకలు, బట్టలు, ఫోను, చేతి ఖర్చు, ఏటికి రు. 18,000 చొప్పున: రు. 72,000
ల్యాప్‌టాప్: రు. 45,000
ప్రవేశ రుసుము, ధరావతు: రు. 10,000
చివరి ఏట బయటి శిక్షణ, ప్రాజెక్టు: రు. 40,000
మొత్తము: రు. 9,27,000

ఇది మొదటి మెట్టు మాత్రమే. ఇందులో మనము పైకి చెప్పుకొను ట్యూషను ఫీజు రూపాయికి నలుబది పైసలకంటె తక్కువ.

ఇక వడ్డీ. ఇందులో 4 లక్షలు ఊరిలో అప్పు చేసితిమనుకొందము. ఏటేటా మొదట ఒక లక్ష చొప్పున, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి. మొదటి లక్షకు నాలుగేండ్ల వడ్డీ, రెండవ దానికి మూడేండ్లు, మూడవ దానికి రెండేండ్లు, చివరి దానికి ఒక ఏడు. చక్రవడ్డీ లేకయే పిల్లవాడు పట్టా పుచ్చుకొను నాటికి రు. 2,40,000 వడ్డీ అగును. మొత్తము రు. 11,67,000. అప్పు చేయక ఎకరము అమ్మి కట్టినవారు మాకు వడ్డీ లేదని సంతోషింపరాదు. ఆ ఎకరముపై రావలసిన కౌలు ఇక ఎన్నటికిని రాదు. అదియే వారి వడ్డీ.

పిల్లవాడు ఇంట లేనందున పొలములో పెట్టవలసిన కూలి మరియొక మెట్టు. అయితే ఈ ఖర్చు ప్రభుత్వ కళాశాలలో చేర్చినను తప్పదు. కనుక రెండు కళాశాలలను పోల్చునపుడు దీనిని విడిచిపెట్టి, రెంటికిని తేడాగా ఉండు పద్దులను మాత్రము చూడవలెను. చదివించుటయా, మానుటయా అని ఆలోచించునపుడు మాత్రము దీనిని కలుపవలెను.

మరియొక మాట. ఈ లెక్క నాలుగేండ్లది. దీనికి ముందు ఇంటర్మీడియెట్ రెండేండ్లు ప్రైవేటు హాస్టలు కళాశాలలో పెట్టినచో ఆ ఖర్చు వేరు. ర్యాంకు రాలేదని మరియొక ఏడు శిక్షణకు పంపినచో అదియు వేరు. హాజరు చాలక గాని, పరీక్షలు తప్పి గాని ఒక ఏడు పెరిగినచో, ఆ ఏటి ఖర్చుతో పాటు ఒక ఏటి సంపాదన కూడ పోవును. లెక్క పదవ తరగతి ముగిసిన నాడు మొదలు పెట్టవలెను. ఇంటర్మీడియెట్ ముగిసిన నాడు కాదు.

ఫీజు ప్రభుత్వమే ఇచ్చును గదా?

ఇట్లడుగువారు చాలమంది గలరు. ఫీజు రీయింబర్సుమెంటు వలన వేలాది పేద పిల్లలు చదువుకొన్న మాట నిజము. కాని దాని హద్దులు తెలిసికొనవలెను. ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలలో 70 శాతము సీట్లు కన్వీనరు ద్వారాను, 30 శాతము యాజమాన్యము ద్వారాను నింపబడును. యాజమాన్యపు సీటులో చేరినవారికి ఈ సహాయము లేదు. 2012లో ఉమ్మడి రాష్ట్రములో, ఎంసెట్‌లో 10,000కు మించిన ర్యాంకు వచ్చిన వెనుకబడిన తరగతుల విద్యార్థులకు రు. 35,000 వరకే ఇచ్చు పద్ధతి వచ్చినది. పైన చెప్పిన లెక్కలో నాలుగేండ్లకు రు. 1,40,000 ఈ విధముగా వచ్చినను, ఇంకను రు. 7,87,000 ఇంటివారే పెట్టుకొనవలెను. ఈ నియమములు రాష్ట్రమును బట్టి, కులమును బట్టి, ఆదాయమును బట్టి, సంవత్సరమును బట్టి మారుచుండును. మీ బిడ్డ చేరు సంవత్సరపు ఉత్తరువును చూచుకొనుడు; నిరుటి మాటను నమ్మకుడు. ప్రభుత్వపు సొమ్ము ఆలస్యమైనచో తాము కట్టవలసివచ్చునా, అట్లు కట్టినది తిరిగి ఎప్పుడిత్తురు అని కళాశాలను ముందే అడుగుడు.

అప్పు ఎక్కడ చేయవలెను?

అప్పు తప్పనిచో మొదట బ్యాంకునకు పొండు. బ్యాంకుల సంఘపు ఆదర్శ విద్యా ఋణ పథకము ప్రకారము 4 లక్షల వరకు తాకట్టు గాని, హామీదారు గాని అవసరము లేదు. ఏడున్నర లక్షలకు మించినచో ఆస్తి తాకట్టు అడుగుదురు. చదువు పూర్తియైన ఒక సంవత్సరము తరువాత వాయిదాలు మొదలగును. అంతవరకు బారువడ్డీయే. ఇందాకటి 4 లక్షలకే ఏటికి నూటికి 10 రూపాయల వడ్డీ అనుకొన్నచో, నాలుగేండ్లకు రు. 1,00,000 మాత్రమే అగును. ఊరి అప్పుకు, దీనికి తేడా రు. 1,40,000. ఆ తేడాలో రెండు మంచి గేదెలు వచ్చును.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము పి.ఎం. విద్యాలక్ష్మి పథకమును ఆమోదించినది. నాణ్యత గలవని ఎంపిక చేసిన సంస్థలలో చేరినవారికి హామీ, తాకట్టు లేకుండ ఋణము లభించును. కుటుంబపు ఆదాయము ఏటికి 8 లక్షల లోపు ఉండి, ఇతర ప్రభుత్వ సహాయము పొందనివారికి 10 లక్షల వరకు ఋణముపై, వాయిదాలు మొదలగు వరకు 3 శాతము వడ్డీ రాయితీ గలదు. మీ బిడ్డ కోరు కళాశాల ఆ జాబితాలో ఉన్నదా అని చూచుట మరువకుడు.

ఒక హెచ్చరిక. పంట ఋణము తీసి కళాశాల ఫీజు కట్టకుడు. పంట ఋణము 7 శాతము వడ్డీకి వచ్చును. గడువులో తీర్చినచో 3 శాతము తగ్గి 4 శాతమే పడును. ఫీజుకు పోయిన సొమ్ము పంట మీద తిరిగి రాదు. గడువు తప్పును, రాయితీ పోవును, మరుసటి ఏడు ఎరువులకు మరల ఊరి అప్పే గతి యగును. చదువుకు దీర్ఘకాలపు అప్పు, పంటకు స్వల్పకాలపు అప్పు. ఈ రెంటిని కలిపినవాడు రెంటను నష్టపడును.

సంతకమునకు ముందు అడుగవలసినవి

మొదటిది: చెప్పిన ఫీజు నాలుగేండ్లును అంతేనా? ఇతర రుసుములు ఏవేవి? వ్రాతపూర్వకముగా ఇత్తురా? వృత్తి విద్యా కళాశాలల ఫీజులను ఆయా రాష్ట్రపు నియంత్రణ సంస్థలు మూడేండ్ల కొకసారి నిర్ణయించును. ఆ అంకెతో పోల్చి చూడుడు.

రెండవది: ప్రతి రూపాయికి రశీదు. ఆంధ్రప్రదేశ్‌లో కాపిటేషను ఫీజును నిషేధించుచు 1983లోనే చట్టము వచ్చినది. సుప్రీంకోర్టు కూడ 2002లోను, 2005లోను విద్యను లాభాపేక్షకు వాడరాదని, కాపిటేషను ఫీజు తీసికొనరాదని తీర్పులిచ్చినది. రశీదు లేని సొమ్ము నిధి యన్నను, విరాళమన్నను ఒక్కటే. రశీదు అడుగుటకు నావలె మొగమాటపడకుడు.

మూడవది: మానుకొన్నచో ఎంత తిరిగి ఇత్తురు? విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో దీనికి ఒక వరుస ప్రకటించినది. ప్రవేశముల చివరి తేదీకి 15 రోజులకు ముందే తెలిపినచో స్వల్ప ఖర్చులు పోగా పూర్తి ఫీజు. ఆ 15 రోజులలో అయినచో 90 శాతము. చివరి తేదీ తరువాత 15 రోజుల వరకు 80 శాతము. 30 రోజుల వరకు 50 శాతము. అటుపిమ్మట ఏమియు లేదు. కొన్ని సంవత్సరములలో విద్యార్థికి ఇంకను అనుకూలమైన గడువులు ప్రకటించినారు. సాంకేతిక విద్యా మండలికి వేరుగా నియమములు గలవు. కనుక మనసు మారినచో ఒక్క రోజు ఆలస్యము చేయక వ్రాతమూలముగా తెలుపవలెను.

నాలుగవది: అసలు సర్టిఫికెట్లు. పరిశీలించి తిరిగి ఇచ్చివేయవలసినదే గాని, కళాశాల వాటిని తన యొద్ద ఉంచుకొనరాదని అదే సంఘము చెప్పినది. సర్టిఫికెట్లు ఇచ్చి వచ్చిన తండ్రి, పాసుపుస్తకము షావుకారు యొద్ద పెట్టిన రైతు వంటివాడే.

అయిదవది: చదివినవారిలో ఎందరికి ఉద్యోగములు వచ్చినవి? గోడమీద ఒక్క విద్యార్థి బొమ్మ వేసి గొప్ప జీతము వ్రాసినచో అది జవాబు కాదు. ఊరిలో ఒక్కరికి ఎకరమునకు 45 బస్తాలు పండినంత మాత్రమున అందరికి పండునా? జాతీయ ర్యాంకుల విధానమునకు దరఖాస్తు చేసిన కళాశాలలు ఎందరు పట్టభద్రులైరో, ఎందరికి ఉద్యోగము దొరికినదో, జీతముల మధ్యస్థ విలువ ఎంతయో తెలుపవలసి యుండును. మధ్యస్థ విలువ యనగా సగము మంది అంతకంటె తక్కువ, సగము మంది అంతకంటె ఎక్కువ పొందుచున్నారని అర్థము. మీరు అడుగవలసినది ఆ అంకెనే.

వేరు దారులు కూడ లెక్కలో ఉండవలెను

ప్రైవేటు ఇంటర్మీడియెట్ రెండేండ్లు, ఇంజనీరింగు నాలుగేండ్లు, మొత్తము ఆరేండ్లు. పదవ తరగతి తరువాత ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మూడేండ్ల డిప్లొమా చదివి, ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరినచో, అదియు ఆరేండ్లే. నడుమ ఆపవలసి వచ్చినను చేతిలో డిప్లొమా ఉండును. 2008లో స్థాపించిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో పదవ తరగతి మార్కుల ఆధారముగా చేర్చుకొని, అక్కడనే ఉంచి ఆరేండ్లు చదివించు పద్ధతితో ఆరంభమైనది. వ్యవసాయ విశ్వవిద్యాలయముల క్రింద పదవ తరగతి తరువాత రెండేండ్ల వ్యవసాయ డిప్లొమా గలదు. దాని నుండి ప్రవేశ పరీక్ష ద్వారా బి.ఎస్సీ. వ్యవసాయములో చేరవచ్చును. ఆ విశ్వవిద్యాలయములలో రైతుబిడ్డలకు ప్రత్యేకించిన సీట్లు కూడ గలవు. గురుకుల కళాశాలలు గలవు. ఇవియన్నియు అందరికిని సరిపడునని నేను చెప్పను. కాని ఈ దారుల లెక్కను ప్రక్కన వ్రాయకుండ ప్రైవేటు సీటు ఖరీదయినదో, చవుకయినదో ఎట్లు తెలియును?

గ్రామోద్యోగులకు మనవి

గ్రామ రెవిన్యూ ఉద్యోగులు, పంచాయతీ కార్యదర్శులు, ఉపాధ్యాయులు ఈ విషయములో రైతులకు గొప్ప సేవ చేయవచ్చును. ఆదాయ ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము ప్రవేశముల వేళకు చేతిలో లేక సీటో, సహాయమో పోగొట్టుకొన్న కుటుంబములను నేనెరుగుదును. వేసవిలోనే వీటికి దరఖాస్తులు పెట్టించుడు. ప్రవేశ పరీక్షల తేదీలను, సమీపమున గల ప్రభుత్వ కళాశాలల వివరములను పంచాయతీ నోటీసు బోర్డుపై అంటింపుడు. ఇదివరకు పిల్లలను చదివించిన తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురిని గ్రామ సభలో నిలిపి, నిజముగా ఎంత ఖర్చయినదో చెప్పింపుడు. కళాశాలవారి కరపత్రము కంటె ఆ మాట నూరు రెట్లు మేలు చేయును. మన గ్రామములలో ధాన్యము దిగుబడిని అందరును చెప్పుకొందురు. చదువు అప్పును మాత్రము గుట్టుగా ఉంచుకొందురు. ఆ గుట్టు వలననే ఒకరి తప్పు మరియొకరికి పాఠము కాకపోవుచున్నది.

రైతు సోదరులారా! ఇంట ఒక నోటు పుస్తకము తీసి, ఎడమ ప్రక్క ఖర్చులు, కుడి ప్రక్క ఆ సొమ్ము ఎక్కడనుండి వచ్చునో వ్రాయుడు. వ్రాయునపుడు చదువబోవు పిల్లవానిని, అతని తల్లిని, తక్కిన పిల్లలను కూడ కూర్చుండబెట్టుడు. మొత్తము చూచి భయపడి చదువు మానిపింపకుడు. మొత్తము చూచిన పిదప తగిన కళాశాలను, తగిన అప్పును, తగిన దారిని ఎన్నుకొనుడు. ఆడపిల్ల పేరిట కూడ ఆ పుస్తకములో ఒక పుట విడిచిపెట్టుడు. నా పుస్తకములో ఆ పుట లేకపోయినది. మీ పుస్తకములో ఉండవలెనని నా కోరిక.